లాభం, రెండు, మూడు

జువ్విగుట్ట తండా బడిలో శనివారం పాఠం ఉండదు, అంగడి ఉంటుంది. ఇది ప్రభుత్వం పెట్టిన కార్యక్రమం కాదు. ఫరహత్ టీచర్ పెట్టింది.

మరిపెడలో ఉంటుంది ఆమె. నెల్లికుదురు ఆటో ఎక్కి, మధ్యలో దిగి, పత్తి చేల మధ్యగా నడిచి బడికి వస్తుంది. వచ్చిన కొత్తలో మూడో తరగతి పిల్లలను ఎక్కాలు చెప్పమంటే పదారో ఎక్కం దాకా ఆపకుండా చెప్పారు. పదారు చింతగింజలు ఏరి పెట్టమంటే దిక్కులు చూశారు. చాందీ అనే పిల్ల దిక్కులు కూడా చూడలేదు. నేల చూసింది. ఇంట్లో గోర్‌బోలి మాట్లాడే ఆ పిల్ల బడిలో ఏడాదిగా నోరు విప్పలేదని హెడ్మాస్టరు యోసేపు సార్ చెప్పాడు. మూగదేమో అనుకున్నానని కూడా చెప్పాడు.

ఒక శనివారం ఫరహత్ పిల్లలతో ఇళ్ల నుంచి గింజలు తెప్పించింది. వడ్లు, మక్కలు, పెసర్లు, బొబ్బర్లు వరండాలో నాలుగు కుప్పలు పోయించింది. చాందీ తాత లక్ష్మా తన సోల ఇచ్చాడు. ఒకరు అమ్మాలి, ఒకరు కొనాలి. అమ్మేవారు సోలతో కొలిచినప్పుడల్లా మూడో పిల్ల నేల మీద సుద్దతో గీసిన గీత వెంబడి ఒక ఖాళీ అగ్గిపెట్టె పేర్చాలి. అంగడి అయ్యేసరికి ఏ గింజలు ఎక్కువ పోయాయో, ఏవి తక్కువ పోయాయో నేల మీదే కనిపించేది. పుస్తకంలో దాన్ని కమ్మీ చిత్రం అంటారు. పిల్లలు అగ్గిపెట్టెల గోడ అన్నారు.

సోల చేతికిచ్చిన రోజే చాందీ నోరు విప్పింది. కుప్పలోంచి సోల నింపి, అంచు మీద అరచేత్తో గీకి, కొనేవాడి సంచిలో పోస్తూ, "లాభం" అంది. రెండో సోల పోస్తూ "రెండు" అంది. మూడో సోలకు "మూడు" అంది.

గింజలు కొలిచేటప్పుడు మొదటి కొలతను ఒకటి అనకూడదు, లాభం అనాలి. ఆ పక్కన ఏ ఊళ్లోనైనా అంతే, తండాలోనైనా అంతే. ఫరహత్ వాళ్ల నాన్న అబ్దుల్ గనీ మరిపెడలో బియ్యం అమ్మిన రోజుల్లో ఆయనా అదే అనేవాడు. కాబట్టి ఆమెకు అందులో దిద్దవలసింది ఏదీ కనిపించలేదు. మూగది అనుకున్న పిల్ల లెక్క చెబుతోంది, అదొక్కటే కనిపించింది.

వానాకాలంలో "లెక్కల వెలుగు" వచ్చింది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, మూడు జిల్లాల్లో పిల్లలకు లెక్కలు ఎంతవరకు వచ్చో కొలిచి చెప్పడం ఆ కార్యక్రమం పని. పరీక్ష కాగితం మీద పెట్టరాదని, నిత్యజీవితంలోంచి పెట్టాలని దాన్ని రూపొందించినవారు తీర్మానించారు. అందుకని పరీక్షించడానికి వచ్చే ప్రతి మనిషికీ ఒక ట్యాబు, ఒక డబ్బా, ఒక సంచి బియ్యం ఇచ్చి పంపారు. పిల్లవాడు డబ్బాతో బియ్యం కొలుస్తూ పైకి లెక్కపెట్టాలి. విన్న అంకెకు ట్యాబులో టిక్కు పెట్టాలి.

జువ్విగుట్టకు వచ్చిన కుర్రాడి పేరు ఖలీల్. జనగామ వాడు. బండి దిగి సంచి విప్పబోతుంటే యోసేపు సార్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"బియ్యం ఎందుకు తమ్మీ? మా దగ్గర అంగడే ఉన్నది. చాందీ, పట్టు బిడ్డా సోల."

చాందీ పట్టింది. "లాభం, రెండు, మూడు" అంటూ పది దాకా పోసింది. ఖలీల్ వేలు రెండు నుంచి పది దాకా తొమ్మిది టిక్కులు పెట్టి, మళ్లీ మొదటికి వచ్చి ఆగింది.

"పాపా, మొదటిది ఏమన్నవు?"

"లాభం."

"దాని అసలు పేరు?"

"లాభమే."

"అంటె ఎంత?"

ఆపాటిది తెలియనివాడు ఇంత దూరం బండి ఎట్లా నడుపుకొచ్చాడా అన్నట్టు చాందీ అతన్ని చూసింది. తర్వాత ఒక వేలు చూపించింది.

ఖలీల్ ఫరహత్‌ను పక్కకు పిలిచాడు. "ఆపా, నాకు తెల్వదా? మా అబ్బా మార్కెట్ల కాంటా కాడనే ఉంటడు. ఇంట్ల బియ్యం కొలిచినా లాభమే అంటడు. కానీ ట్యాబ్‌ల లాభం లేదు. ఒకటి వచ్చిందా, రాలేదా, గంతే."

"వచ్చిందని కొట్టు తమ్మీ. వేలు చూపించింది గద."

"వేలు రికార్డు కాదు ఆపా. మాట రికార్డయితది. పైన వింటరు."

"పైన ఉన్నోళ్లు బియ్యం తినరా?"

"తింటరు. కొల్వరు."

తరగతిలో మిగతా పిల్లలూ చాందీ దగ్గర నేర్చుకున్నవారే. అందరూ లాభంతోనే మొదలుపెట్టారు. కల్యాణ్ అనేవాడు మాత్రం ఖలీల్ ముఖం చూసి ఏదో పొరపాటు జరుగుతోందని గ్రహించి, రెండు నుంచి మొదలుపెట్టాడు.

నెల తిరక్కుండా జనగామలో సమావేశం పెట్టారు. మూడు జిల్లాల నుంచి టీచర్లను పిలిచారు. లెక్కల వెలుగుకు సమన్వయకర్త జగపతి సార్. పాలకుర్తి వైపు మనిషి. ఆయన తెర మీద ఒక బొమ్మ వేశాడు. రెండు నుంచి పది దాకా కమ్మీలు తలుపంత ఎత్తున నిలబడ్డాయి. ఒకటి దగ్గర గడపంత ఉంది.

"మూడు జిల్లాల పిల్లలకు ఒకటి వస్తలేదు" అన్నాడు జగపతి.

భూపాలపల్లి నుంచి వచ్చిన సరోజన టీచరు లేచింది. "సార్, ఒకటి రాకుంట రెండు ఎట్లొచ్చింది?"

"అదే మేడమ్, దాని మీదనే మనం ఆలోచన చెయ్యాలె."

"ఆలోచనేముంది సార్. కొలిచేటప్పుడు లాభం అంటరు. మీ ఇంట్ల అనరా?"

"మా ఇంట్లనా? మా నాయిన ఒకటి అంటె సోల గుంజుకునేటోడు." జగపతి నవ్వాడు. హాలంతా నవ్వింది. నవ్వు తగ్గేదాకా ఆగి ఆయన అన్నాడు: "నాకు తెల్సు, మీకు తెల్సు. డ్యాష్‌బోర్డుకు ఎవరు జెప్తరు? చెప్పేటోళ్లుంటే చెయ్యెత్తుండ్రి."

ఒక్క చెయ్యీ లేవలేదు.

మరునాటి నుంచి ఒకటి మీద శిక్షణ మొదలైంది. మాడ్యూలు అచ్చయింది. మొదటి పాఠం పేరు "ఒకటి: ఒక పరిచయం". టీచర్లు బృందాలుగా కూర్చుని తమ చుట్టూ ఉన్న ఒకటిని గుర్తించాలి. సూర్యుణ్ని ఒక బృందం ముందే రాసుకుంది. చంద్రుణ్ని ఇంకో బృందం తీసుకుంది. మూడో బృందం చెప్పుల జతను రాసింది. జత ఒకటా, చెప్పులు రెండా అని మాట వచ్చింది. చాయ్ దాకా తేలలేదు. అన్నం తిన్నాక కూడా తేలకపోతే, జతను మాడ్యూలు రెండో విడతకు వాయిదా వేశారు.

గోటితో పోయేదానికి గొడ్డలి అంటారు. ఇక్కడ గోటితో కూడా పని లేదు. ఆ సంగతి హాల్లో ఉన్న ప్రతి మనిషికీ తెలుసు. సంతకం పెట్టి భోజనం టోకెన్ తీసుకున్నారు.

సాయంత్రం జగపతి ఫరహత్‌ను పిలిచాడు.

"మేడమ్, మిగతా బళ్లల్ల ఒకరిద్దరన్న ఒకటి అన్నరు. మీ బడిల ఒక్కరు అనలే. ఎందుకంటె మీరు వారం వారం అంగడి పెట్టి లాభం ప్రాక్టీసు చేపిస్తున్నరు. నేను తప్పనను. కానీ పైనుంచి అడుగుతరు."

"సార్, ఆ అంగడి తోటే పిల్లలకు లెక్క వచ్చింది. గ్రాఫు గూడ వచ్చింది. ఒక పిల్లకు మాటే వచ్చింది."

"మాటకు మన దగ్గర కాలమ్ లేదు మేడమ్. నెలయినంక మళ్ల పరీక్ష. ఒకటి వస్తె అంగడి నడుపుకోండ్రి, నేనే ఫొటో తీసి పైకి పంపుత. రాకుంటె బంద్. అప్పటిదాంక గూడ బంద్."

ఆ శనివారం ఫరహత్ వరండాలో కుప్పలు పోయించలేదు. పిల్లలు గింజలు తెచ్చారు, తీసుకుపోయారు. చాందీ సోల ఒళ్లో పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చుంది. మరుసటి వారం సోల తేలేదు. ఆ తర్వాతి వారం ఫరహత్ పేరు పెట్టి పిలిస్తే లేచి నిలబడి నేల చూసింది.

యోసేపు సార్‌కు మాత్రం ఉత్సాహం వచ్చింది. ప్రార్థన అయిన తర్వాత పిల్లలంతా కుడిచేతి చూపుడువేలు ఎత్తి "ఒకటి" అనాలని నియమం పెట్టాడు. నీళ్ల ట్యాంకు మీద ఒకటి అంకె వేయించాడు. మధ్యాహ్న భోజనం వడ్డించే యాకమ్మ గరిటె ఎత్తినప్పుడు కూడా ఒకటి అనాలన్నాడు.

"రెండో గరిటెకు ఏమనాలె సార్?" అంది యాకమ్మ.

"రెండో గరిటె ఎందుకేస్తున్నవు?" అన్నాడు ఆయన.

దసరా సెలవులు అయిపోయిన వారంలో లక్ష్మా బడికి వచ్చాడు. రుమాలు భుజం మీంచి తీసి గడప దగ్గరే నిలబడ్డాడు.

"టీచరమ్మా, పిల్లకు ఏం నేర్పుతున్నరు? నిన్న ఇంట్ల పెసర్లు కొల్వమంటె మొదటి సోలకు ఒకటి అన్నది."

"ఒకటంటె తప్పా తాతా?"

"లెక్కల ఒకటి అనుండ్రి, ఎవలొద్దన్నరు. సోల పట్టినంక లాభం అనాలె. మొదట్నే లాభం పాయె, ఇగ ఆఖరికి ఏం మిగుల్తది?"

"పరీక్ష ఉన్నది తాతా. మొదట ఒకటి అనకుంటె అంగడి తీసేస్తరట."

"పరీక్ష పెట్టేటోళ్లు పెసర్లు కొంటరా?"

"కొనరు. ఊరికె చూస్తరు."

"కొననోళ్లకు ఏమన్న ఒకటే" అని రుమాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ వరండాలో కూర్చున్న మనవరాలికి గోర్‌బోలిలో ఏదో చెప్పాడు. చాందీ తలూపింది.

ఫరహత్ తన మాట తను చెప్పింది, తెలుగులో. "ఒకటి మర్చిపోవద్దు బిడ్డా. అంగడి మనకు మళ్ల రావాలె." చాందీ దానికీ తలూపింది.

పరీక్ష నాడు లెక్కల వెలుగు కారు బడి ముందు ఆగింది. జగపతి దిగాడు, వెనక ఖలీల్ ట్యాబుతో దిగాడు. యోసేపు సార్ అప్పటికే అంగడి పెట్టించి ఉన్నాడు. నాలుగు కుప్పలు, సుద్ద గీతలు, అగ్గిపెట్టెలు. బడి కమిటీలో ఉన్నాడు కాబట్టి లక్ష్మా వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కొత్త పెసర్ల బస్తా ఆయన పక్కనే ఉంది.

అమ్మేది చాందీ. కొనేది కల్యాణ్. అగ్గిపెట్టెలు పేర్చేది అఖిల.

"ఏం గావాలె?" అంది చాందీ. అన్ని వారాల తర్వాత ఫరహత్ విన్న మొదటి మాట అది.

"నాలుగు సోలల పెసర్లు."

చాందీ సోల నింపింది. అంచు గీకింది. కల్యాణ్ సంచిలో పోసింది.

"ఒకటి."

ఖలీల్ వేలు టక్కున ట్యాబు మీద పడింది. జగపతి యోసేపు సార్ వైపు చూసి తలాడించాడు. యోసేపు సార్ ఫరహత్ వైపు చూసి తలాడించాడు. అఖిల ఒక అగ్గిపెట్టె పెట్టింది.

చాందీ ఇంకో సోల పోసింది. "లాభం."

అఖిల ఇంకో అగ్గిపెట్టె పెట్టింది.

"రెండు. మూడు. నాలుగు."

సంచి మూతి ముడుస్తూ కల్యాణ్ ఏమీ అనలేదు. బేరం తనకు అనుకూలంగా ఉన్నప్పుడు అనవలసింది ఏమీ ఉండదు. టీచరమ్మ ఒకటి మర్చిపోవద్దంది, తాత లాభం మర్చిపోవద్దన్నాడు. చాందీ ఎవరి మాటా తీసెయ్యలేదు.

జగపతి చప్పట్లు కొట్టాడు. "శభాష్ బిడ్డా. రాయి ఖలీల్, ఒకటి వచ్చింది. గ్రాఫు గూడ ఒకసారి చూడు, అయిపోతది."

అఖిల నేల మీద వేలితో అగ్గిపెట్టెలు లెక్కపెడుతోంది. ఒకసారి పెట్టింది. మళ్లీ పెట్టింది.

"టీచర్, అగ్గిడబ్బ ఎక్కువొచ్చింది. నాలుగన్నది, ఐదున్నయి."

యోసేపు సార్ వంగి కుప్పలు చూస్తున్నట్టుగా రెండడుగులు ముందుకు వేశాడు. చివరి అగ్గిపెట్టె ఆయన చెప్పు కిందికి పోయింది.

"ఏది, నాలుగే గద" అన్నాడు.

అఖిల ఆయన కాలు వైపు చూసింది. కల్యాణ్ కూడా చూశాడు. చాందీ కూడా చూసింది. మళ్లీ నేల చూడటం మొదలుపెట్టింది.

ఊరుకుంటే అంగడి ఉంటుంది. ఫరహత్‌కు ఆ సంగతి తెలుసు. ఊరుకుంటే ఆ అంగడిలో వచ్చే శనివారం నుంచి నాలుగంటే ఐదు అవుతుంది, ఐదో డబ్బ చెప్పు కింద ఉంటుంది. ఆ సంగతీ తెలుసు.

"సార్, జర కాలు తియ్యుండ్రి" అంది.

"మేడమ్..."

"తియ్యుండ్రి సార్. పిల్ల లెక్కబెట్టుకుంటది."

యోసేపు సార్ కాలు తీశాడు. అగ్గిపెట్టె అణిగిపోయి ఉంది. అఖిల దాన్ని వేళ్లతో సరిచేసి వరసలో పెట్టింది.

"చాందీ, ఎన్ని సోలలు బోసినవు?" అంది ఫరహత్.

"నాలుగు."

"డబ్బలు ఎన్నున్నయి?"

చాందీ లెక్కపెట్టింది. కల్యాణ్ చేతిలోంచి సంచి లాక్కుని పెసర్లు కుప్పలో కుమ్మరించింది. "గంతల్నే గుంజుకుంటవేందే" అన్నాడు కల్యాణ్. అఖిల అగ్గిపెట్టెలన్నీ తీసేసింది. చాందీ సోల నింపి, అంచు గీకి, ఫరహత్ ముఖంలోకి చూసింది.

"నీకు ఎట్ల సరిపోతదో అట్ల కొలువు" అంది ఫరహత్.

"లాభం" అంది చాందీ. "రెండు. మూడు. నాలుగు."

అగ్గిపెట్టెలు నాలుగు వచ్చాయి. అఖిల "సరిపోయింది" అంది. గోడ దగ్గర లక్ష్మా బీడీ తీసి, బడి అని గుర్తొచ్చి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

ఖలీల్ తలెత్తాడు. "సార్, ఏం రాయాలె?"

జగపతి మెడ రుద్దుకున్నాడు. కారు వైపు చూశాడు. ఆ రోజు ఇంకా రెండు బళ్లు చూడాలి.

"మొదటిసారి ఒకటి అన్నదా?"

"అన్నది సార్."

"రాయి. రెండోసారి గ్రాఫు సరిపోయిందా?"

"సరిపోయింది సార్."

"గదీ రాయి."

"రెండూ ఒక్కసారి రాలే గద సార్. ఒకటి అన్నప్పుడు గ్రాఫు తప్పింది. గ్రాఫు వచ్చినప్పుడు ఒకటి అనలే."

"ఒక్కసారే రావాలని ట్యాబ్‌ల ఉన్నదా?"

ఖలీల్ కిందికీ పైకీ జరిపి చూశాడు. "లేదు సార్."

"మరి?"

ఖలీల్ రెండు టిక్కులు పెట్టాడు. రెండూ పచ్చగా వెలిగాయి. జువ్విగుట్ట తండా బడికి ఒకటి వచ్చింది.

"సార్, అంగడి?" అంది ఫరహత్.

"నడుపుకోండ్రి మేడమ్. ఫలితం వచ్చింది గద." జగపతి గొంతు తగ్గించాడు. "ఇంకొక మాట. ఒకటి మీద మీ బడి సున్న నుంచి ఇక్కడిదాంక వచ్చింది. మూడు జిల్లాల ఇంత పెరిగిన బడి లేదు. శిక్షణకు మిమ్మల్నే పిలుస్త. జనగామల, శనివారం శనివారం."

"శనివారం రాను సార్."

"ఎందుకు?"

"అంగడి ఉంటది."

జగపతి ఏదో అనబోయి, అదే అంగడికి తానిప్పుడే అనుమతి ఇచ్చినట్టు గుర్తొచ్చి, కారు వైపు తిరిగాడు.

అందరూ లేచారు. లక్ష్మా బస్తా మూతి విప్పాడు. "సార్, కొత్త పెసర్లు. మా చేన్లయే. జర ఇంటికి తీస్కపోండ్రి. బడి దాంక వచ్చి వట్టిగ పోతరా."

జగపతి వద్దన్నాడు. రెండోసారి కూడా వద్దన్నాడు. మూడోసారి లక్ష్మా అనకముందే డ్రైవరు కారులోంచి బట్ట సంచి తెచ్చాడు.

"కొలువు బిడ్డా సార్‌కు" అన్నాడు లక్ష్మా.

జగపతి సంచి మూతి రెండు చేతులా తెరిచి పట్టుకున్నాడు. చాందీ సోల నింపింది. అంచు గీకింది. ఎదుట ఉన్నది పరీక్ష సారని గుర్తొచ్చి, సోల వంచుతూ "ఒకటి" అంది.

సంచి వెనక్కి పోయింది. పెసర్లు కొన్ని నేల మీద రాలాయి.

"ఆగు ఆగు" అన్నాడు జగపతి. "పొద్దుగాల పొద్దుగాల మొదటి సోలకు ఒకటంటవా? ఇంటికి తీస్కపొయ్యేటియి. మంచిగ అను."

చాందీ టీచర్ వైపు చూసింది. ఫరహత్ ఖలీల్ వైపు చూసింది.

"ట్యాబ్ మూసిన ఆపా" అన్నాడు ఖలీల్.

చాందీ సోల బస్తాలో కుమ్మరించి, మళ్లీ నింపి, మళ్లీ గీకింది. జగపతి సంచి ముందుకు పట్టాడు.

"లాభం" అంది చాందీ.

అఖిల వంగి, గీత వెంబడి ఒక అగ్గిపెట్టె పెట్టింది.